పాలు పొయ్యని చాయ్

పోయిన నెలలో ఒకనాడు, బడి వదిలే వేళకు, మధిర స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూత్ నడిపే ఆయన నేను పాఠాలు చెప్పే బడికి వచ్చాడు. కొత్తగూడెం నుంచి నాకు ఫోన్ వచ్చిందనీ, కాసేపట్లో మళ్లీ చేస్తారనీ చెప్పాడు. వెళ్లి నిలబడ్డాను. అవతల కొత్తగూడెం బజారులో మెడికల్ షాపు నడిపే సేటు గొంతు.

"అక్కా, మన చీనా డాక్టర్ సాబ్ పోయిండు. పొద్దుగాల తలుపు తియ్యకపోతే మేమే గొళ్లెం ఊడబెరికి చూసినం. పండుకున్నోడు పండుకున్నట్టే ఉన్నడు. ఆయనకు ఎవ్వరు లేరాయె. కాలవెట్టాల్నా, బొందవెట్టాల్నా, గదే ఎవ్వరికి ఎర్కలేదు. నీకేమన్న చెప్పిండా?"

"బొందనే పెట్టాలె. నేనొచ్చేదాక ఆగున్రి," అన్నాను.

ఫోన్ పెట్టేసి బయటికి వచ్చి బండి మీద సోడా కొట్టించుకుని ఒక గుక్క తాగాను. నోటినిండా వండ్రు రుచి. పదిహేనేళ్ల కింద నన్ను వదిలి పోయిన రుచి అది. సోడా అక్కడే పెట్టేసి, రైలు కోసం స్టేషన్లోకి నడిచాను.

కొత్తగూడెం బజారులో ముప్పై ఏళ్లకు పైగా పళ్లు పీకిన, పళ్లు కట్టిన ఆ పెద్దమనిషిని ఎరగని బొగ్గుబాయి కుటుంబం ఉండదు. ఆయన దుకాణం ముందు అద్దాల పెట్టెలో ప్లాస్టరు దవడలు వరసగా పేర్చి ఉండేవి. షిఫ్టు దిగిన కార్మికులు ముఖాన బొగ్గు కడుక్కోకుండానే చెంప పట్టుకుని వచ్చేవాళ్లు. ఆయన వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, "బిడ్డ పెండ్లి ఎక్కడిదాక వచ్చింది?" అని అడిగేవారు. జవాబు చెబుదామని వాళ్లు నోరు తెరిచేలోగా పన్ను బయటికి వచ్చేసేది. బోర్డు మీద ఆయన పేరు రెండు లిపుల్లో రాసి ఉండేది గానీ ఎవరూ పలకలేదు. అందరికీ చీనా డాక్టరే. ఆయన మాత్రం, "నేను చీనా చూడలే, బేటీ. చీనా నన్ను చూడలే," అనేవారు.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది పళ్ల నొప్పితో కాదు.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం. మా ఆయన బాయిలో ఫిట్టరుగా చేసేవాడు. టేకులపల్లి అవతల మా అత్తగారి ఊళ్లో నాట్లు పడుతున్నాయని సెలవు పెట్టి సైకిల్ మీద వెళ్లాడు. తిరిగి వచ్చే నాటికి వాగు పొంగింది. గట్టున ఉన్నవాళ్లు ఆగమన్నారట. "మోకాళ్ల లోతే గదా," అని సైకిల్ భుజాన వేసుకుని దిగాడట. సైకిల్ దొరికింది, దిగువన తుమ్మపొదలో చిక్కుకుని. మనిషి దొరకలేదు.

నెల దాటింది. కులపెద్దలు వచ్చి, గడ్డితో బొమ్మ చేసి దాన్నే కాల్చి కర్మ జరిపిద్దామన్నారు. మా అత్తమ్మ వాకిట్లో నిలబడి, "నా కొడుకు గడ్డిబొమ్మ గాదు," అంది. అంతే, ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. క్వార్టరు ఖాళీ చేసి, బజారు వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకుని అత్తమ్మా నేనూ ఉండేవాళ్లం. ఎవరైనా సైకిల్ గంట కొడితే ఇద్దరం ఒకేసారి తల ఎత్తేవాళ్లం. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం కాదు.

ఆ రోజుల్లోనే నాకు నోట్లో వండ్రు రుచి మొదలైంది. అన్నం తిన్నా అదే, పచ్చిపులుసు తాగినా అదే. ఉప్పు తెలియదు, కారం తెలియదు. వాన నీటితో కొట్టుకొచ్చిన మెత్తటి బురద, ఇసుక పలుకులతో సహా, నాలుక మీద పరుచుకుని ఉండేది. వాసనలు కూడా పోయాయి. పక్కింట్లో పోపు పెడితే అత్తమ్మ తుమ్మేది, నాకేమీ తెలిసేది కాదు. బలానికి మందు రాసిచ్చారు, సూదులు వేశారు, తాయెత్తు కట్టారు. చిక్కి సగమయ్యాను. చివరికి ఎవరో పళ్లు పుచ్చితే అట్లా అవుతుందంటే అత్తమ్మ నన్ను చీనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆయన నా పళ్లన్నీ చిన్న అద్దంతో చూశారు. ఒక్కొక్కటీ మెల్లగా తట్టారు.

"పండ్లు మంచిగున్నయి. ఎప్పటిసంది గిట్ల?"

అత్తమ్మ చెప్పింది, వాగు సంగతంతా. ఆయన వింటూ చేతులు కడుక్కున్నారు. చెప్పడం అయిపోయినా ఇంకా కడుక్కుంటూనే ఉన్నారు. తర్వాత తువ్వాలుతో తుడుచుకుని, "ఇద్దరు జరసేపు కూసోండి. చాయ్ చేస్త," అన్నారు.

వెనక గదిలోంచి ఒక చెక్కపళ్లెం తెచ్చారు. దాని మీద పిడికిలంత ఎర్రమట్టి కూజా, ముక్కూ పిడీ ఉన్నది. మూడు చిన్న గిన్నెలు. మూత బిగుతుగా ఉన్న ఒక డబ్బా. డబ్బాలోంచి చేతిలోకి వంపుకున్నవి చూసి అత్తమ్మ ఉన్నదున్నట్టు అనేసింది.

"గివి మేక పెంటికలు గదా సారూ!"

ఆయన నవ్వారు. నిజంగా అట్లాగే ఉన్నాయి. మిరియాల కన్నా పెద్దవి, గుండ్రంగా చుట్టుకున్నవి, ముదురు పచ్చగా ఉన్నవి. "ఆకే, అమ్మా. నలిపి చుట్టిన్రు. ఊలాంగ్ అంటరు. మా అన్న తైవాన్ల ఉంటడు. అక్కడి కొండలది. ఏడాదికి ఒక్కపారి కలకత్తా వచ్చెటోళ్లతోని పంపుతడు."

మరిగిన నీళ్లు కూజాలో పోసి వెంటనే వంపేశారు. రెండోసారి పోసి మూత పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు ఊరుకున్నారు. గిన్నెల్లోకి వంచితే లేత నిమ్మపండు రంగు నీళ్లు. పాలు లేవు, చక్కెర లేదు. అత్తమ్మ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. నేను నోట్లో పోసుకుని, మింగలేక పట్టుకున్నాను.

"ఎట్లున్నది?" అన్నారాయన.

"బురద," అన్నాను.

"మంచిది. బాగుందని అబద్ధం చెప్పలే," అని నా చేతిలోంచి గిన్నె తీసుకున్నారు. "రేపు మల్ల రా. తాగుడు వద్దు. ఒట్టిగ వాసన చూడు. వాసన రాకపోతే ఎల్లుండి రా."

వెళ్లాను. రెండు వారాలు అట్లా తిరిగాక, తన దగ్గర పని చేస్తావా అని అడిగారు. పదో తరగతి చదివి ఉన్నాను. పనిముట్లు మరగబెట్టడం, ప్లాస్టరు కలపడం, వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం నా పని. మధ్యాహ్నం దుకాణం మూసి ఉన్నప్పుడు ఆయన చాయ్ పెట్టేవారు. ఒంటరి మగవాడి దగ్గరికి వయసులో ఉన్న ఆడది పోతుందని గల్లీలో మాట పుట్టకముందే అత్తమ్మ కూడా నాతో రావడం మొదలుపెట్టింది. రోగుల బల్ల మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చునేది. కొంగుకు బెల్లం ముక్క కట్టుకొచ్చేది. బెల్లం కొరికి చాయ్ చప్పరించేది. "చక్కెర వద్దంటివి. బెల్లం గూడ వద్దంటావా సారూ?" అని ముందే గద్దించేది. కొన్నాళ్లకు ఆమె బెల్లం పెద్ద ముక్క తెచ్చేది. ఆయనా అందులో ఒక కొస తుంచుకునేవారు.

పళ్ల దుకాణమంతా లవంగ నూనె వాసన. నాకు తెలియకపోయినా నా చేతులకు అదే అంటుకుని ఉండేదట. చాయ్ ఆకుకు పక్కవాసన పట్టుకుంటుందని ఆయన భయం. డబ్బాను దుప్పట్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేవారు. నేను దాన్ని ముట్టుకోవాలంటే చింతపండుతో చేతులు రుద్దుకుని కడుక్కోవాలి. ఒకసారి తెలియక అగరొత్తి వెలిగించి పెడితే, ఆ రోజు చాయే మానేశారు. కోపం లేదు, డబ్బా మూత తియ్యలేదంతే.

ఆయన పద్ధతి మెల్లగా నాకు అబ్బింది. కూజా ముందు వేడి నీళ్లతో కాగాలి. అడుగు కనపడకుండా ఆకు వేస్తే చాలు, విచ్చుకున్నాక అదే మూతదాకా వస్తుంది. మరుగుతున్న నీళ్లను ఒక్క ఊపిరి ఆగనిచ్చి పోయాలి. మొదటి నీళ్లు పారబోయాలి. "మొదటి నీళ్లు దుమ్ముకు, రెండో నీళ్లు ముక్కుకు, మూడో నీళ్లు మనిషికి," అనేవారు. ఒకే ఆకుకు ఆరేడుసార్లు నీళ్లు పోసినా ఇంకా ఏదో ఇచ్చేది. నేను తొందరపడి గిన్నెలోకి వంచబోతే, "జల్దీ ఏమున్నది బేటీ, ఆకు ఎక్కడికి పోతది?" అనేవారు.

ఒకసారి తాగడం అయ్యాక కూజాలోంచి ఒక ఆకు తీసి నా అరచేతిలో పరిచారు. గుండులా ఉన్నది పూర్తి ఆకుగా విచ్చుకుంది, కాడతో సహా. నడుమ పచ్చగా ఉంది. అంచుల వెంబడి సన్నగా ఎర్రటి గీత.

"కోసినంక ఎండల వాడవెడతరు. చాటల పోసి మెల్లగ కుదుపుతరు. అంచులు ఒకదానికొకటి రాసుకుని నలుగుతయి. నలిగిన కాడ ఎర్రగయితది. జర ఎర్రగ కాంగనే వేడి చూపించి ఆపేస్తరు. ఆపకపోతే మొత్తం ఎర్రగయి బజార్ల అమ్మే నల్ల చాయ్‌పత్తీ అయితది. నలగనే నలగకపోతే ఒట్టి గడ్డి వాసన. దెబ్బ అంచులకే తగలాలె, నడుమకు రావొద్దు. వాసనంత ఆ దెబ్బలకెళ్లే వస్తది."

ఆ మాట ఆయన ఆకు గురించే అన్నారు. నా వైపు చూడలేదు.

నాకు మొదటి వాసన వచ్చిన రోజు కూడా గుర్తుంది. చలికాలం మొదలవుతున్నది. రెండో నీళ్లు పోశాక ఆయన రోజూలాగే కూజా మూత తీసి నాకు అందించారు. నేను రోజూలాగే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఒక్కసారిగా పొలం వచ్చింది. వరి కంకి పాలు పోసుకునే రోజుల్లో, పొద్దున్నే గట్టు మీద నడిస్తే వచ్చే వాసన. పచ్చిగా, తియ్యగా, కొంచెం వెన్న కలిసినట్టు. దాని వెనకాల ఎక్కడో పేరు తెలియని తెల్లపువ్వు. ఆ ఏడు మా ఆయన వేయించిన నాట్లు అప్పటికి పాలు పోసుకుంటూ ఉండి ఉంటాయి. మూత పట్టుకుని ఏడ్చాను. అత్తమ్మ కంగారుపడి లేచింది.

"ఏమైందే?"

"వరి చేను వాసన వస్తున్నదత్తమ్మా."

ఆమె నా చేతిలోంచి మూత లాక్కుని వాసన చూసింది. చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుంది. డాక్టర్ సాబ్ గోడ వైపు తిరిగి దేనికోసమో వెతుకుతున్నట్టు నిలబడ్డారు.

తర్వాత తాగడం కూడా మొదలుపెట్టాను. ముందు పువ్వు, తర్వాత లేత తీపి, మింగాక గొంతులోంచి మళ్లీ ఇంకో తీపి పైకి వచ్చేది. కానీ అన్నిటికీ అడుగున వండ్రు ఉండేది. పోలేదు. కొద్దిగా కిందికి దిగిందంతే.

ఒక మధ్యాహ్నం ఆయన బయటి పని మీద వెళ్తూ నన్నే చాయ్ పెట్టమన్నారు. నేను కుళాయి నీళ్లతో పెట్టాను. మొద్దుగా, వాసన లేకుండా వచ్చింది. ఆయన రాగానే చెప్పాను.

"నల్లా నీళ్లు పనికిరావు. నేను ఐతారం ఐతారం సైకిల్ మీద పోయి డబ్బాల తెస్త కదా," అన్నారు. "టేకులపల్లి రోడ్డు మీద కల్వర్టు దాటినంక వాగు వస్తది. ఇసుకల చెలిమ తవ్వితే ఊరుతయి. అంత తియ్యటి నీళ్లు ఈ చుట్టుపక్కల లేవు."

అత్తమ్మ గిన్నె కింద పెట్టింది.

"ఏ కల్వర్టు?"

ఆయన చెప్పారు. పక్కన విరిగిన మైలురాయి ఉంటుందన్నారు.

"అది మా వాగు," అంది అత్తమ్మ. "నా కొడుకు పోయిన వాగు. ఇన్నొద్దులసంది నా కొడుకునే తాగుతున్నమా సారూ?"

డాక్టర్ సాబ్ చేతిలో కూజా అట్లాగే ఉండిపోయింది. "నాకు ఎర్క లేదు, అమ్మా," అన్నారు. మళ్లీ అదే అన్నారు. అత్తమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయింది. నేను ఆమె చెప్పులు చేత పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

మర్నాడు పనికి వెళ్తే కూజా అరమీద బోర్లించి ఉంది. ఆ తర్వాత వారాల తరబడి ఆయన చాయ్ పెట్టలేదు. నాకోసం మానేశారని అర్థమైంది గానీ అడగలేదు. మధ్యాహ్నాలు ఆయన గుమ్మంలో కూర్చుని రోడ్డు చూసేవారు. నేను లోపల ప్లాస్టరు పొడి జల్లించేదాన్ని. ఇంట్లో అత్తమ్మ నీళ్లు తాగబోయి, చెంబు ఎత్తి, ఆగి, చెంబులోకి చూసి తాగేది. నాకు వండ్రు మళ్లీ పైకి వచ్చేసింది.

ఎండలు ముదిరాక అత్తమ్మకు దవడ పన్ను వాచింది. గత్యంతరం లేక వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. పన్ను పీకాక దూది కరిచిపెట్టుకుని, లేవకుండా అట్లాగే కూర్చుని అడిగింది.

"నీకెవ్వరు లేరా సారూ?"

అన్నేళ్లలో ఆ ఊళ్లో ఎవరూ ఆయన్ని అడగని ప్రశ్న అది. ఆయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"మాది అస్సాం, అమ్మా. చాయ్ తోటల ఊరు. మా తాతను చాయ్ పని చేయనీకే చీనా నుంచి తెచ్చిన్రు. మా నాయిన అక్కడ్నే పుట్టిండు, నేను గూడ. నాకు పెండ్లయింది. రెండేండ్ల బిడ్డ. చీనాతోని లడాయి వచ్చినప్పుడు నేను కలకత్తల ఉన్న, మా మామ కాడ పండ్ల పని నేర్సుకుంట. ఇంటికి పోయేసరికి తలుపుకు సీలు ఉన్నది. గల్లీ గల్లీనే ఖాళీ. కిటికీలకెళ్లి చూసిన. పొయ్యి మీద చాయ్ గిన్నె అట్లనే ఉన్నది. నీళ్లు ఇగిరిపోయి ఆకు అడుగంటింది."

ఆయన భార్యనీ బిడ్డనీ ఆ గల్లీలో ఉన్న చీనా కుటుంబాలన్నిటితో పాటు రాజస్థాన్‌లో ఒక క్యాంపుకు తీసుకెళ్లారు. ఈయన అక్కడికి పోవడానికి కాగితాల కోసం నెలలు తిరిగారు. కాగితాలు చేతికి వచ్చేసరికి వాళ్లను మద్రాసులో ఓడ ఎక్కించి చీనాకు పంపుతున్నారని తెలిసింది. మద్రాసు వెళ్లారు. ఓడ లేదు. తిరుగుదారిలో బెజవాడలో తమలాంటి చీనావాళ్ల పళ్ల దుకాణం ఒకటి కనిపిస్తే లోపలికి వెళ్లి కూర్చున్నారట. ఆ దుకాణం నడిపే ఆయన అన్నం పెట్టి, బొగ్గుబాయి ఊళ్లో పళ్లు చూసేవాడు లేడని చెప్పాడు.

"ఈడ దిగిన. ఎవ్వరు నన్ను ఏం అడగలే. పన్ను నొస్తుంది, పీకుతవా అన్నరు. పీకిన."

"బతికే ఉన్నదా, నీ భార్య?"

"తెల్వదమ్మా."

"మాకు గూడ తెల్వదు," అంది అత్తమ్మ. మళ్లీ తనే, "మరి గంత జరిగినంక, చాయ్ ఎట్ల తాగబుద్ధయితది సారూ నీకు?"

"ఆ గిన్నె ఎండిపోయి ఉన్నది కదా, అమ్మా. కండ్లు మూస్తే గదే కనవడతది. రోజు నీళ్లు పోస్తున్న. అంతే."

ఆ వారంలోనే ఒక పొద్దున అత్తమ్మ నన్ను లేపి, నీళ్లకు ఒక డబ్బా పట్టుకొమ్మంది. ఎక్కడికని అడగలేదు. టేకులపల్లి బస్సెక్కి కల్వర్టు దగ్గర దిగాం. వానాకాలం నుంచి మేమిద్దరం ఆ దారిన రాలేదు. వాగులో నీళ్లు లేవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లటి ఇసుక. ఎద్దుబండి చాళ్లు అడ్డంగా పోయి ఉన్నాయి. ఆవలి ఒడ్డున విప్పచెట్ల కింద ఇద్దరు ఆడవాళ్లు రాలిన పువ్వు ఏరుకుంటూ తమ భాషలో మాట్లాడుకుంటున్నారు. నిండు మనిషిని తీసుకుపోయింది ఇదేనా అనిపించింది. నేను గట్టు మీదే ఆగిపోయాను.

అత్తమ్మ దిగి వెళ్లింది. వాగు నడుమ కూలబడి రెండు చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టింది. మోచేతుల దాకా లోపలికి పోయాక తడి తగిలింది. ముందు ఎర్రటి నీళ్లు ఊరాయి. తోడి పోసింది. మళ్లీ ఊరాయి. మళ్లీ తోడింది. నేనూ వెళ్లి పక్కన కూర్చుని తోడాను. తోడగా తోడగా అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా నీళ్లు నిలిచాయి. అత్తమ్మ దోసిలి పట్టింది. ముఖం దాకా తెచ్చుకుని ఆగింది. వేళ్ల సందుల్లోంచి సగం నీళ్లు ఒలికాయి. మిగిలినవి తాగింది.

"తియ్యగున్నయే," అంది. అని, ఆ గుంత పక్కన ఇసుక మీద పడిపోయి, కొడుకు పోయినప్పటి నుంచి ఏడవని ఏడుపు ఏడ్చింది. ఆవలి ఒడ్డు ఆడవాళ్లు పువ్వు ఏరడం ఆపి నిలబడ్డారు. నేను దోసిలి ముంచి తాగాను. వండ్రు ఉంది. కానీ అది ఆ నీళ్లదే, నీళ్లలో ఉండాల్సినంతే ఉంది. మింగితే పోయింది.

నీళ్లు నింపిన డబ్బా తీసుకెళ్లి డాక్టర్ సాబ్ ముందు పెట్టాం. ఇసుక అంటిన మా చీరలు ఆయన చూశారు. అరమీద కూజా తీసి కడిగారు. ఆ రోజు మూడో నీళ్లు పోశాక అత్తమ్మ తన గిన్నె తాగకుండా తీసుకెళ్లి గడప బయట పెట్టి వచ్చింది. బెల్లం కూడా పెట్టింది. డాక్టర్ సాబ్ కొంచెంసేపు చూసి, తన గిన్నె కూడా తీసుకెళ్లి దాని పక్కన పెట్టారు.

వారం తిరక్కుండా అత్తమ్మ పెద్దల్ని పిలిపించి, వాగొడ్డునే కొడుక్కి చేయాల్సిన కర్మ చేయించింది. గడ్డిబొమ్మ మీద తన చేత్తోనే కొత్త తువ్వాలు కప్పింది.

తర్వాతి ఏళ్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. డాక్టర్ సాబ్ పోరు పెట్టి నాచేత ప్రైవేటుగా ఇంటర్ కట్టించారు, టీచర్ ట్రైనింగ్ చేయించారు. పరీక్షల ముందు నేను ప్లాస్టరు కలుపుతూ పాఠం అప్పజెప్తే, పక్కన కుర్చీలో నోరు తెరుచుకున్న రోగి కూడా వినాల్సిందే. అత్తమ్మ తృప్తిగా, రోగం లేకుండా పోయింది. నాకు మధిరలో ఉద్యోగం వచ్చింది. సెలవులు వచ్చినప్పుడల్లా ఆయన దగ్గరికి వెళ్లేదాన్ని.

మొదటిసారి రైల్లో వెళ్లినప్పుడు ఆయన ప్లాట్‌ఫాం మీద నీళ్ల కుళాయి పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. నాకోసమే వచ్చారని సంబరపడి చెయ్యి ఊపాను. ఆయన నన్ను దాటి వెనక పెట్టెల వైపు చూస్తున్నారు.

"నీకోసం గాదు బేటీ," అన్నారు, నేను దగ్గరికి వెళ్లాక. "కానీ నువ్వొచ్చినవ్ కదా. మంచిదయింది."

ఆయన రోజూ సాయంత్రం ప్యాసింజరు వేళకు వచ్చి అక్కడ నిలబడతారని ఆ రోజే తెలిసింది. అన్నేళ్లూ నేను సాయంత్రాలు దుకాణంలో పనిముట్లు కడుగుతూ, ఆయన షికారుకు వెళ్తున్నారనుకునేదాన్ని. తన అడ్రసు అన్న ద్వారా ఎవరెవరికో చేరవేసి ఉన్నారట. భార్యకు అందితే, ఎప్పుడైనా రావచ్చు. కానీ ఊరి పేరు కొత్తగూడెం, స్టేషన్ బోర్డు మీద మాత్రం భద్రాచలం రోడ్డు అని ఉంటుంది. "ఆమెకేం తెలుస్తది? కొత్తగూడెం రాలేదనుకుని దిగకుంట అట్లనే కూసుంటే?" అన్నారు. అదే ఆయన భయం.

కొన్నేళ్ల కిందట దసరా సెలవుల్లో వెళ్లాను. మొదటి నీళ్లు పారబోసి, రెండో నీళ్లు పోసి, మూత నాకందిస్తూ చెప్పారు. తైవాన్ నుంచి చీనాకు రాకపోకలు మొదలయ్యాక వాళ్లన్న వెళ్లి వెతికాడట.

"ఆమె లేదట, బేటీ. చానా ఏండ్ల కిందనే పోయిందట. ఉన్నప్పుడు అక్కడ ఇంకో మనువాడింది. మంచోడేనట. బిడ్డ ఉన్నది. ఆయననే నాయిన అనుకుంటది. ఏం చెప్పొద్దని అన్నకు చెప్పిన."

నేను మూత చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఏ వాసనా తెలియలేదు. ఆయన మాత్రం గిన్నెల్లోకి ఎప్పటిలాగే తొణక్కుండా వంచారు. అన్ని నీళ్లూ అయ్యేదాకా ఇద్దరం తాగాం. సాయంత్రమైంది. ఆయన లేచి గొడుగు తీసుకున్నారు.

"ఎక్కడికి సాబ్?"

"టేషన్‌కు."

"ఇంకెందుకు సాబ్?" అన్నాను. ఆపుకోలేక అన్నాను.

ఆయన గుమ్మంలో ఆగి, పిల్లలకు చెప్పినట్టు చెప్పారు. "ఇన్నొద్దులు బతికున్న మనిషాయె. పాస్‌పోర్ట్ కావాలె, పర్మిషన్ కావాలె, పోలీసోళ్లు సంతకం పెట్టాలె. అందుకే రాలేకపోయింది. ఇప్పుడు ఆమెను ఎవ్వరు ఆపుతరు?"

పోయిన నెల, ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున నేను చేరేసరికి దుకాణం ముందు బజారు సగం ఉంది. తమవాళ్లలో మనిషిని మట్టిలోనే పెడతారని ఆయన ఒకసారి మాటల్లో అన్నది చెప్పాను. ఊరి చివర శ్మశానంలో, ఎర్రమట్టి దిబ్బ పక్కన గుంత తీశారు. రిటైరయిన ముసలి కార్మికుడు ఒకాయన పాడె మోస్తానని పట్టుబట్టాడు. వయసైపోయింది, వద్దంటే వినలేదు. మట్టి వేశాక, డాక్టర్ సాబ్ కట్టిచ్చిన పళ్లసెట్టు నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుని, బోసినోటితో నాకు చూపించాడు. "రోజు నోట్ల ఆయన చెయ్యి పెట్టుకునే బువ్వ తింటున్న బిడ్డా," అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

సేటు తన ఇంట్లో ఉండమన్నాడు. బడి ఉందని చెప్పి స్టేషన్‌కు నడిచాను. నా రైలుకు ఇంకా వేళ ఉంది. అవతలి నుంచి ప్యాసింజరు వచ్చే టైమయింది. కుళాయి దగ్గర ఎవరూ లేరు. నా కాళ్లు వాటంతటవే అటు పోయి నిలబడ్డాయి. బండి వచ్చి ఆగింది. గంపలవాళ్లు దిగారు, షిఫ్టుకు పోయే వాళ్లు దిగారు, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని ఒకామె దిగింది. ఆమె నన్ను దాటుకుని గేటు వైపు వెళ్లిపోయింది. చివరి పెట్టె తలుపు ఇంకా తెరిచే ఉంది. దిగేవాళ్లు అయిపోయారు. అయినా ఎవరో మెట్టు మీద కాలు పెట్టి, బోర్డు మీద పేరు చదువుకుంటూ తటపటాయిస్తున్నట్టు అనిపించింది.

"ఇదే కొత్తగూడెం," అన్నాను, పైకే.

అని, ఒక అడుగు పక్కకు జరిగి దారి ఇచ్చాను.